వృక్షాలకు సహాయం లేదు

ఈ రాష్ట్రంలో నా రచనలు చదివినంత మంది మరే తెలుగు రచయిత రచనలూ చదివి ఉండరని నా నమ్మకం. చదవకపోతే వాళ్లకి సెలవు మంజూరు కాదు, బదిలీ రాదు. ఇంతటి పాఠకాదరణ ఉన్నా నాకు ఒక్క అభిమాని కూడా ఎందుకు లేడా అని చాలాకాలం తల బద్దలు కొట్టుకున్నాను. కారణం మడకశిర వెళ్లాక తెలిసింది. ఆ సంగతే చెబుతాను.

నా పేరు కూర్మనాథం. మాది శ్రీకాకుళం జిల్లా. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకుంటూ ఉండేవాణ్ణి. మా శాఖవారు ఉద్యోగుల సెలవులకీ బదిలీలకీ 'చలనం' అనే సాఫ్ట్‌వేర్ ఒకటి చేయించుకున్నారు. దాన్ని ఎలా వాడాలో తెలుగులో పుస్తకం రాయడానికి మనిషి కావలసివచ్చి, నన్ను విజయవాడ హెడ్డాఫీసుకి డెప్యుటేషన్ మీద పిలిపించారు. నా సర్వీసు రికార్డులో ఎవరో పుణ్యాత్ముడు "భాషయందు మిక్కిలి పట్టు కలవాడు" అని రాసి పెట్టాడట. కంప్యూటర్ మీద పట్టు ఉందా అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

నా భార్య నీలవేణి టెక్కలి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పెళ్లయినప్పటి నుంచి నేనొక చోట, తనొక చోట. "మనం పెళ్లి చేసుకున్నామా, రైళ్లు ఖాళీగా తిరక్కుండా చూస్తామని ఎవరికైనా మాటిచ్చామా?" అని ఫోనులో దెప్పుతూ ఉండేది. ఇప్పుడు తనకి నెలలు. పురుడు వచ్చే వేళకి నేను టెక్కలి కాలేజీకి బదిలీ చేయించుకుని తన దగ్గర ఉండాలి. ఈ కథలో నాకంటూ ఉన్న కోరిక అదొక్కటే. తక్కినవన్నీ ఆఫీసు కోరికలు.

మా విభాగంలో ఒక పద్ధతి ఉంది. పుస్తకం రాసేవాళ్లకి సాఫ్ట్‌వేర్ చూపించరు. డెప్యుటేషన్‌లో చేరిన రోజే మా లాగిన్ ఆపేస్తారు, మళ్లీ బదిలీల సమయంలో మాత్రం తెరుస్తారు. ఇదేమిటని మొదటి రోజే జాయింట్ డైరెక్టర్ ముక్కామల సత్యభూషణం గారిని అడిగాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "చూసినవాడికి తెలిసిపోతుంది కూర్మనాథం గారూ. తెలిసినవాడు తెలియనివాడి కోసం రాయజాలడు. మీలో సహజసిద్ధంగా ఉన్న అజ్ఞానాన్ని పరిరక్షించడం ఈ విభాగం ప్రాథమిక బాధ్యత" అన్నారు.

నా అజ్ఞానానికి అంత గౌరవం అంతకు ముందెప్పుడూ దక్కలేదు. పొంగిపోయాను. హైదరాబాదు నుంచి కంపెనీవాళ్లు ఇంగ్లీషులో నోట్సు పంపేవారు. దాన్ని నేను తెలుగు చేసేవాణ్ణి. తెలుగు చేయడమంటే మామూలుగా కాదు. "తదనంతరము తెర దిగువన గల నీలవర్ణ చతురస్రమును మృదువుగా తాకి, ఫలితమునకై ఓపికతో వేచియుండవలెను" అని రాశాను. పుస్తకం అచ్చయి వచ్చేలోగా కంపెనీవాళ్లు ఆ నీలం గడికి ఆకుపచ్చ రంగు వేశారు. రాష్ట్రమంతా అధ్యాపకులు నీలం కోసం వెతికారు. రాజాంలో ఒక పెద్దాయన ఏదీ తాకకుండానే ఓపికతో వేచియున్నారట.

ఆ పుస్తకంలో నాకు ప్రాణమైన వాక్యం మాత్రం వేరే. బదిలీ కోరేవాళ్లు ఊళ్ల పేర్లు వరసగా ఇవ్వాలి కదా, అక్కడ "మిక్కిలి ఇష్టమైన ఊరిని అన్నిటికంటె కింద రాయవలెను; ఏలయనగా, చివరగా వెలిబుచ్చిన కోరికయే నిజమైన కోరిక" అని రాశాను. కింద రాయాలని పెట్టింది కంపెనీవాళ్లే, ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ అలాగే పనిచేసేది. 'ఏలయనగా' మాత్రం నా సొంతం.

పుస్తకం మీద ఫిర్యాదులు రావడం మొదలైంది. "కంప్యూటర్ ఆన్ చేయవలెను అని నాబోటివాడికి రాయడం అవమానించడమే" అని నరసాపురం ప్రిన్సిపాల్ గారు కోప్పడ్డారు. "ఆన్ చేయమన్నారు గానీ ఎక్కడ నొక్కాలో చెప్పలేదు, రచయితకి దయ లేదు" అని పార్వతీపురం నుంచి ఒక అధ్యాపకుడు వాపోయాడు. సత్యభూషణం గారు మీటింగు పెట్టారు.

"అందరికీ ఒకే మార్గదర్శిని అనడం మూలంలోనే అప్రజాస్వామికం. సామర్థ్య వైవిధ్యాన్ని గుర్తించని పత్రాన్ని పత్రంగా పరిగణించలేము. ఈ దిశగా నిర్మాణాత్మక సూచనలు ఆహ్వానిస్తున్నాను" అన్నారు.

అందరూ బిస్కెట్ల వైపు చూశారు. మాట్లాడితే పని తగులుకుంటుందని అందరికీ తెలుసు. నా నోరే ఊరుకోలేదు. "ఎవరి స్థాయికి తగిన పుస్తకం వాళ్లకిద్దామండీ. ఏమీ తెలియనివాళ్లు అంకురం, కొంచెం తెలిసినవాళ్లు పల్లవం, బాగా తెలిసినవాళ్లు వృక్షం" అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని ఆ మూడు పేర్లూ పెదాలతో పలికి చూసుకున్నారు. నాకు అక్కడితో ఆగితే సరిపోయేది. "ఒకరి పుస్తకం ఒకరు చదివితే ఇక స్థాయికి విలువేముంటుందండీ. తాళం వేసేద్దాం" అని కూడా అన్నాను. ఎవరూ అడగలేదు. నా బుర్ర అలాంటిది, ఒకసారి నడవడం మొదలుపెడితే గోడ తగిలేదాకా ఆగదు.

ఎవరి స్థాయి వాళ్లే ప్రకటించుకోమని ఉత్తర్వు వెళ్లింది. మా కాలేజీల సంగతి తెలిసినవాళ్లకి జరిగింది చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ వచ్చని ఒకసారి నోరు జారినవాడికి అడ్మిషన్ల దగ్గర్నుంచి స్కాలర్‌షిప్పుల దాకా డేటా ఎంట్రీ అంతా మెడకి చుడతారు. అందుకని తెలిసినవాళ్లంతా బుద్ధిగా అంకురంలో చేరిపోయారు. మౌసు ముట్టుకోని పెద్దలంతా "ఇన్నేళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి నేను అంకురమేమిటి?" అని సీనియారిటీ ప్రకారం వృక్షాలైపోయారు. పల్లవంలో రాష్ట్రం మొత్తం మీద ఒకే ఒక్కాయన మిగిలారు, ఆత్మకూరు కాలేజీ లైబ్రేరియన్. ఆయన కూడా చెయ్యి జారి నొక్కానని తర్వాత మొరపెట్టుకున్నారు. ఉత్తర్వు ఉత్తర్వే కనుక ఆయనొక్కడి కోసం పల్లవం పుస్తకం రాయించి అచ్చు వేయించాం.

తర్వాత సంఘాలు పుట్టాయి. వృక్ష అధ్యాపకుల సంఘం వారు, మీటింగుల్లో ముందు వరస కుర్చీలు తమవేనన్నారు. అంకురాల సంఘం వారు, తమకి డేటా ఎంట్రీ నుంచి శాశ్వత మినహాయింపు కావాలన్నారు. సత్యభూషణం గారు రెండింటికీ ఒప్పుకున్నారు. వృక్షాల చేత డేటా ఎంట్రీ చేయించడం వాళ్ల హోదాకి తక్కువ. అంకురాలకి మినహాయింపు. ఇక మిగిలింది ఆత్మకూరు లైబ్రేరియన్ గారే. రాష్ట్రంలోని డేటా అంతా ఆత్మకూరు వైపు ప్రయాణం కట్టింది.

నన్ను వృక్షం పుస్తకం రాయమన్నారు. అంకురం పుస్తకం పైడితల్లి గారికి ఇచ్చారు. ఆవిడది విజయనగరం, చాలాకాలం ఒకటో తరగతి పిల్లలకి చెప్పి వచ్చారు. ఒక స్థాయి రచయిత మరో స్థాయి పుస్తకం చూస్తే శైలి కలుషితమవుతుందని మా బల్లల మధ్య ప్లైవుడ్ చెక్క నిలబెట్టించారు. కంపెనీవాళ్లు ఏదైనా మార్పు చేస్తే ఆ నోట్సు చెక్కకి అవతలి బల్లకే వెళ్లేది. వృక్షాలకి మార్పులు వాటంతట అవే తెలుస్తాయని నియమం. ఆ నియమం రాసింది ఎవరని అడక్కండి.

నా పుస్తకం మాత్రం రోజురోజుకీ చిక్కిపోయింది. ఏ వాక్యం తీసుకెళ్లినా సత్యభూషణం గారు, "ఇది చెబితే వృక్షాల విజ్ఞతను శంకించినట్లు కాదా?" అనేవారు. కొట్టేసేవాణ్ణి. కొట్టేసి కొట్టేసి, ఆఖరికి నున్నటి కాగితం మీద ఒక్క వాక్యం మిగిలింది: "మీకు తెలిసినట్లే చేయవలెను."

"ఇంతకంటే సమగ్రంగా రాయడం మానవమాత్రుడికి సాధ్యం కాదు" అన్నారాయన. నాకు శాలువా కప్పారు. ఆ శాలువా ఫొటో నీలవేణికి పంపితే, "ఎండాకాలంలో అదేటండీ?" అని జవాబిచ్చింది.

ఒక రోజు టీ కొట్టు దగ్గర పైడితల్లి గారు కలిశారు. "కూర్మనాథం గారూ, చలనంలో ఒకటి మార్చీసినారు. మీకూ పనికొస్తాది, వినండి" అని మొదలుపెట్టబోయారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "వద్దండి. అంకురం విషయాలు చెవిన పడితే నా శైలి పాడవుతుంది" అన్నాను. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

ఆ తర్వాత కొద్ది రోజులకే బదిలీలు తెరిచారు. టెక్కలిలో తెలుగు ఖాళీ ఉంది. నీలవేణి ఆసుపత్రి నుంచి వచ్చి, కాళ్లు చాపుకుని, వీడియో కాల్‌లో కూర్చుంది. నేను ఫోనుని కంప్యూటర్ వైపు తిప్పి పెట్టాను. వృక్షం పుస్తకం రాసినవాణ్ణి కాబట్టి హోదా రీత్యా నేనూ వృక్షాన్నే కనుక, సహాయం అన్న చోట నొక్కితే "మీకు తెలిసినట్లే చేయవలెను" అని నా వాక్యం నాకే ఎదురైంది. చలనం లోపలి ముఖం నేను చూడడం అదే మొదటిసారి.

"ఏటి, కదలరేటి?" అంది నీలవేణి.

"నీలం గడి కోసం చూస్తున్నాను."

"పచ్చగా ఒకటి ఉన్నాది కదా, 'ముందుకు' అని దాని మీదే రాసున్నాది. దాన్ని నొక్కండి."

నొక్కాను. ముందుకు వెళ్లింది. అలా తను తెర మీద ఉన్నది చదువుతూ, నేను నొక్కుతూ, ఊళ్ల పేజీదాకా వచ్చాం. ఖాళీలున్న ఊళ్లన్నిటినీ ఇష్టం కొద్దీ వరసలో పెట్టాలి. పైనుంచా, కింద నుంచా అన్నది తెర మీద లేదు.

"టెక్కలి పైన పెట్టండి" అంది.

"కాదు, కింద."

"ఇష్టమైనది ఎవరైనా ముందు చెప్తారు గానీ ఆఖర్న చెప్తారేటండీ? నేను మందులు ఇచ్చేటప్పుడు ముందు ఏది వేసుకోవాలో అదే ముందు చెప్తాను. డాక్టరు గారి అమ్మగారికైనా అదే మాట, చేపలమ్ముకునే ఆవిడకైనా అదే మాట."

"నీలూ, ఆ పుస్తకం నేను రాశాను. అచ్చులో ఉంది. ఏలయనగా..."

"ఆ ఏలయనగాయే నాకు భయం వేస్తన్నాది" అంది.

నాకూ లోలోపల భయం వేసింది. చలనంలోనే అంకురం పుస్తకం తెరిచి చూద్దామని ప్రయత్నించాను. "ఇది మీ స్థాయికి తగదు" అని తాళం పడింది. పైడితల్లి గారిని అడుగుదామా అనుకున్నాను. ఒక వృక్షం వెళ్లి అంకురాన్ని అడగడమా అనిపించి మానేశాను. శాలువా కప్పించుకున్న మనిషికి ఇలాంటి ఇబ్బందులుంటాయి.

మర్నాడు నేరుగా సత్యభూషణం గారి గదికి వెళ్లాను. "అయ్యా, నన్ను అంకురంలోకి దించండి. నాకు చలనం రాదు" అన్నాను.

ఆయన తలుపు వేసి రమ్మన్నారు. "కూర్మనాథం గారూ, మీరు అంకురమని తేలితే, ఇన్నాళ్లూ వృక్షాలు ఒక అంకురం రాసిన పుస్తకాన్ని అనుసరించినట్లు అవుతుంది. వ్యవస్థ మొత్తం ప్రశ్నార్థకమవుతుంది. మీ అజ్ఞానం మీ వ్యక్తిగతం. మీ స్థాయి మాత్రం ప్రభుత్వానిది."

"నా భార్యకి నెలలు నిండుతున్నాయండీ. ఈ బదిలీ తప్పిపోతే..."

"అభినందనలు" అన్నారు. "సందేహాలుంటే నిర్దేశిత మార్గంలో సహాయ కేంద్రాన్ని సంప్రదించండి."

సంప్రదించాను. ఫోనులో ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా, "మీ స్థాయి చెప్పండి సార్" అంది.

"వృక్షం."

"వృక్షాలకు సహాయం లేదు సార్. వృక్షాలు ఇతరులకు నీడనివ్వాలి." అది నేను రాసిచ్చిన వాక్యమే. అంత బాగా పలుకుతుందనుకోలేదు.

"అమ్మా, చిన్న సందేహం. ఇష్టమైన ఊరు పైన రాయాలా, కింద రాయాలా?"

"మా దగ్గర అంకురాల జవాబులే ఉన్నాయి సార్, మీకు చెప్పడానికి పర్మిషన్ లేదు. కావాలంటే మీ సందేహాన్ని వృక్ష నిపుణుడికి పంపిస్తాను. పేరు బయట పెట్టం సార్, మీ హోదాకి భంగం రాదు."

పంపమన్నాను. ఎవరో మహానుభావుడు నా కష్టం తీరుస్తాడని ధైర్యంగా వెళ్లి మెస్సులో భోజనం చేసి వచ్చాను. వచ్చి కూర్చునేసరికి నా కంప్యూటర్‌లో ఒక ఫైలు మెరుస్తోంది. "ఒక వృక్ష వినియోగదారుని సందేహము: ఇష్టమైన ఊరు పైన రాయవలెనా, కింద రాయవలెనా? నిపుణులు సాయంత్రములోగా జవాబివ్వగలరు."

రాష్ట్రంలో వృక్ష నిపుణుణ్ణి నేనొక్కణ్ణే.

సందేహం నాదేనని నాకు తెలుసు. తెలిసినా ఏం లాభం? ఆఫీసు కుర్చీలో కూర్చుని ఫైలు తెరవగానే నాకు అడిగినవాడి మీద చిరాకు వచ్చింది. వృక్షమై ఉండి ఇంత చిన్న సంగతి తెలియదా అనిపించింది. అలవాటు కొద్దీ నా పాత పుస్తకం తీశాను. "సదరు అంశము మూల మార్గదర్శినియందు సుస్పష్టము. మిక్కిలి ఇష్టమైన ఊరిని అన్నిటికంటె కింద రాయవలెను. వినియోగదారులు ఇట్టి ప్రశ్నలతో కాలహరణము చేయరాదు" అని రాసి పంపి, చేతులు దులుపుకున్నాను.

సాయంత్రం ఆ జవాబు శాఖ ముద్రతో నా ఫోనుకి వచ్చింది. దాన్ని చూడగానే మనసు కుదుటపడింది. ఎంతైనా అధికారికంగా వచ్చిన మాట వేరు. నీలవేణికి చదివి వినిపించాను.

"రాసినాయనెవరు?" అంది.

"నిపుణుడు."

"మీ రాతలాగే ఉన్నాదే."

"మంచి రాతలన్నీ ఒకలాగే ఉంటాయి" అని, టెక్కలిని అట్టడుగున పెట్టాను. వద్దే వద్దనుకున్న ఊరు అన్నిటికంటే పైన ఉండాలి కదా. పటం తీసి, టెక్కలికి ఇంకెంత దూరం పోవడానికీ వీల్లేని మూల ఏదో వెతికి, మడకశిర అని రాశాను. ఆకుపచ్చ గడి నొక్కాను.

ఆ వారంలోనే ఫలితాలొచ్చాయి. నాకు మడకశిర.

నా ఒక్కడికే కాదు. నా జవాబుని సహాయ కేంద్రం వారు ఆదర్శ సమాధానంగా రాష్ట్రంలోని వృక్షాలన్నిటికీ పంపించారట. వృక్షాలన్నీ తు.చ. తప్పకుండా పాటించాయి. నరసాపురం ప్రిన్సిపాల్ గారు పాడేరు కొండెక్కారు. రాజాం పెద్దాయన్ని కుప్పంలో నాటారు. అంకురాలన్నీ కోరుకున్న ఊళ్లకి హాయిగా వెళ్లిపోయాయి.

పరుగెత్తుకుంటూ సత్యభూషణం గారి దగ్గరికి వెళితే ఆయన ఆనందంలో మునిగి ఉన్నారు. "ఒక్క వృక్షం కూడా మార్గదర్శినిని ఉల్లంఘించలేదు. ఈ శాఖ చరిత్రలో ఇంతటి అనుసరణ లేదు కూర్మనాథం గారూ" అన్నారు.

"అయ్యా, అందరూ వద్దన్న ఊళ్లకి పోయారు."

"గమ్యం వేరే విభాగం చూసుకుంటుంది. మనది మార్గం మాత్రమే." కుర్చీ ముందుకి లాక్కున్నారు. "వృక్షం పైన ఇంకో స్థాయి ప్రతిపాదిస్తున్నాను. అరణ్యం. వారి పుస్తకంలో ఒక్క అక్షరమైనా ఉండదు. మీరు రాస్తే బాగుండేది, మీకు బదిలీ అయిపోయింది."

ఆ సాయంత్రం నీలవేణికి ఫోను చేశాను. ఎలా చెప్పాలో తెలియక, "నీలూ, ఫలితమునకై ఓపికతో..." అని మొదలుపెట్టి, ఏడ్చేశాను. తను పురిటి నొప్పులు పడే వేళకి నేను రాష్ట్రానికి ఆ చివర వత్తులూ గుణింతాలూ దిద్దుతూ ఉంటాను. నా మీద నాకే అసహ్యం వేసింది. తనే, "పోనీలెండి, చేరిపోండి. జీతం ఆగిపోద్ది" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మడకశిర కాలేజీలో చేరిన సంగతి కూడా చలనంలోనే ఎక్కించాలి. అక్కడి గుమాస్తా తిప్పేస్వామి కుర్చీ చూపించి, "కూచోండి సార్. యా స్థాయి సార్ మీది?" అన్నాడు.

చుట్టూ చూశాను. స్టాఫ్ రూములో అప్పటికే చేరిన వృక్షాలు కొన్ని, ముందు వరస కుర్చీల్లో కూర్చుని గోడ వైపు చూస్తున్నాయి.

"అంకురం. మౌసు పట్టుకోవడం కూడా రాదు" అన్నాను. "పాత స్థాయి ఎవరికీ చెప్పకండి."

"ఎవురికి చెప్పల్ల సార్, అందరిదీ ఇదే కత" అని, బీరువాలోంచి అంకురం పుస్తకం తీసి ఇచ్చాడు. పైడితల్లి గారి పుస్తకం. మధ్యలో ప్లైవుడ్ చెక్క లేకుండా దాన్ని చూడడం నాకదే మొదటిసారి. ఊళ్ల పేజీ తీశాను. పెద్ద అక్షరాలతో, "మీకు ఇష్టమైన ఊరు పైన రాయండి. ఇంతకు ముందు కింద రాయమన్నాం, ఇప్పుడు మారింది" అని ఉంది. అంతే ఉంది. ఒకటికి రెండుసార్లు చదివాను. ఏలయనగా లేదు. ఒక్క ముక్క కూడా నన్ను తిట్టినట్టు లేదు. అయినా ముఖం చెల్లలేదు.

నీలవేణికి ఫోను చేసి ఆ ముక్క చదివి వినిపించాను.

"పైన అనే కదా నేనన్నాను" అంది.

"అన్నావు."

"ఇప్పుడేటి చేస్తారు?"

"పురుటికి సెలవు పెట్టుకుని రావడానికి నిబంధనల ప్రకారం, ముందుగా సంబంధిత..."

"ఆగండి. నేను చెప్తాను, రాసుకోండి" అంది. జేబులోంచి కలం తీశాను. తిప్పేస్వామి కాగితం ముందుకి జరిపాడు. అవతల నుంచి, మాత్రలు చేతిలో పెట్టి చెప్పేటప్పటి గొంతుతో, ఒక్కొక్క మాటే చెప్పింది.

"హిందూపురంలో రైలెక్కండి. పలాసలో దిగండి. మధ్యలో ఎవరి మాటా వినకండి. మీ మాట అసలే వినకండి."